పద్నాలుగో నంబరు సమాధి

వినగడప దారిలో ఉన్న గుట్ట మీద పాతకాలం సమాధుల రాతి వలయాలను లెక్క రాసుకోవడానికి పురావస్తు సర్వే వాళ్లు తిరువూరు నుంచి జీపులో వచ్చారు. ముళ్లకంప కొట్టే పనికి ఏసురత్నం అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు. ఎందుకంటారా? వాళ్లావిడ జ్ఞానమణిని పూడ్చింది ఆ గుట్ట మీదే గనక.

ఆరేళ్ల కిందటి మాట. పేటకి శ్మశానం లేదు. కాలవ గట్టున పెడితే వరద తీసుకుపోతోంది. అర్జీలు పెట్టి పెట్టి చెప్పులరిగాయి. గుట్టేమో సర్కారుది, సిలువ పాతితే మర్నాడే పీకించేస్తారు. పాస్టరు గారు గొంతు తగ్గించి ప్రార్థన చేసి వెళ్లాక, ఏసురత్నం చుట్టూ ఉన్న పాత వలయాలను చూసి అచ్చం అలాగే పదకొండు బండరాళ్లు గుండ్రంగా పేర్చాడు. బతికుండగా ఆవిడకి పొయ్యిరాళ్లు కూడా సరిగ్గా పెట్టిచ్చిన పాపాన పోలేదు మహానుభావుడు!

సర్వే మేడం రుచిత ఒక్కో వలయానికీ సుద్దతో నంబరు వేసుకుంటూ వచ్చి జ్ఞానమణి దగ్గర ఆగింది.

"చూడు బాబాయ్, ఒక్క రాయి కూడా కదల్లేదు. మూడు వేల ఏళ్ల కిందటి పనితనం!"

"అవునండి," అన్నాడు ఏసురత్నం. లోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

పద్నాలుగో నంబరు పడింది. ఇక్కడ కంచె వేస్తారనీ, బోర్డు పెడతారనీ, రాయి కదిపితే జైలేననీ రుచిత చెప్పింది. ఏసురత్నానికి ఏనుగెక్కినంత సంబరమైంది. పేటలో ఎవరికుంది ఈ భోగం?

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పారు.

"రేపు ఒక్కటి మాత్రం తవ్వి చూస్తాం బాబాయ్. చెక్కుచెదరనిది పద్నాలుగే కదా, దాన్నే తవ్వుదాం," అంది రుచిత.

ఏసురత్నం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెబితే సర్కారు నేలలో పూడ్చాడని తీయించేస్తారు. చెప్పకపోతే వీళ్లే తవ్వేస్తారు. కక్కలేక మింగలేక కాసేపు ఆ రాళ్లకేసి చూశాడు.

"అది వద్దండి మేడం."

"ఏం?"

"మా ఆవిడండి. ఆ రాళ్లు నేనే పేర్చానండి. పడుకోనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

రుచిత పుస్తకం తీసి, పద్నాలుగుకి ఎదురుగా ఏదో రాసి, పైకి చదివింది.

"వారసులు ఉన్నారు. తవ్వరాదు."

ఏసురత్నం కళ్లు తుడుచుకున్నాడు.

"మరి ఏది తవ్వుతారండి?"

"ఏడు."

మర్నాడు పొద్దున సర్వే వాళ్లు గుట్టెక్కేసరికి ఏడో వలయం దగ్గర కొవ్వొత్తి వెలుగుతోంది. పక్కన నాలుగు బంతిపూలు ఉన్నాయి. ఏసురత్నం తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇదీ మీవాళ్లదేనా బాబాయ్?" అంది రుచిత కంగారుగా.

"కాదండి. వీళ్లకి వద్దని చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు కదండీ," అన్నాడు.

కొవ్వొత్తి పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, గునపం అందుకున్నాడు.

"మెల్లిగా తవ్వుతానండి."