గ్రూపులో పెట్టని మనవి

స్త్రీల కూటంలో పాస్టరమ్మ "ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా?" అని అడగడం ఆలస్యం, మొదట లేచేది నా చెయ్యే. "గౌరి మనవులయ్యేసరికి మనం ఇళ్ళకెళ్ళి అన్నం వండీసి రావొచ్చు" అని సుబ్బులు పళ్ళికిలించేది. ఇకిలించనీ, నాకేం సిగ్గు? మా ఆయన జగన్ నడుం నొప్పి, ఆయన తోలే మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు బ్రేకులు, మా అత్తగారి షుగరు, మా లిప్సా లెక్కల మార్కులు, ఏదీ దాచేదాన్ని కాదు. అందరి ముందూ చెప్పి కళ్ళు తుడుచుకుంటే ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టేది.

వానలు పట్టినప్పటి నుంచి ఆ నిద్ర పోయింది. లిప్సా ఏడో క్లాసు. ఉన్నట్టుండి తన జడలు తనే వేసుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో బాగానే ఉందనుకున్నాను. ఒక చేత్తో దాని జుట్టు, ఒక చేత్తో ఫోను పట్టుకుని కూటం వాట్సాప్ గ్రూపులోకి ప్రార్థన రికార్డు చేసి పంపే తిప్పలు తప్పాయి కదా. కానీ పిల్ల అన్నం కెలికి వదిలేస్తోంది. జడలు రెండూ ముందుకు వేసుకుని, మెడ ముడుచుకుని తిరుగుతోంది. "ఏటే, ఏటయ్యింది?" అంటే "ఏటీ లేదు" అంటుంది. ఎవడైనా వెంట పడుతున్నాడా? బళ్ళో ఎవరైనా ఏమైనా అన్నారా? ఒకరోజు రైల్వే గేటు దాటి బడి దాకా దొంగలా దాని వెనకే వెళ్ళాను. ఏమీ కనపడలేదు. కనపడనందుకు భయం ఇంకా ఎక్కువైంది.

ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళే ముందు బలవంతంగా కూర్చోబెట్టి తలకి నూనె పెట్టాను. ఫోను ఛార్జింగులో ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. ఎడమ చెవి కింద వేళ్ళకి ఏదో తగిలింది. ఉసిరికాయంత గడ్డ.

"ఓలమ్మో! ఇదేటే అమ్మీ?"

లిప్సా మెడ లాక్కుంది. "తెలీదు. వానలకి ముందు సిన్నగా ఉండీది. పెద్దదవుతోంది."

నా ప్రాణం అక్కడే సగం పోయింది. మాలో అలవాటు కదా, గబుక్కున దాని తల మీద చెయ్యి వేసి, కళ్ళు గట్టిగా మూసుకుని "ప్రభువా" అని అందుకున్నాను.

"కళ్ళు ముయ్యకమ్మా," అంది అది. "నాను మాటాడినప్పుడల్లా కళ్ళు మూసీసుకుంటావు. ఓపాలి నన్ను సూడు."

కళ్ళు తెరిచాను. నా కుడి చెయ్యి అప్పటికే ఛార్జింగులో ఉన్న ఫోను వైపు పోతోంది. లిప్సా అది చూసింది.

"గ్రూపులో పెడతావు కదా?"

"పెడితే తప్పేటే? అంతమంది ప్రార్థన సేస్తే దేవుడు ఇనడా?"

"దేవుడు ఇంటాడు. పద్మప్రియ కూడా ఇంటాది."

పద్మప్రియ సుబ్బులు కూతురు. లిప్సా క్లాసే. నాకు కోపం ముంచుకొచ్చింది, ఇంత ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు వింటే ఏమిటని. నాలిక చివరి దాకా వచ్చింది గానీ, దాని మొహం చూసి మింగేశాను.

"నాన్నకి సెప్పు," అంది. "ఇంకెవుళికైనా సెప్పేవంటే నీకు ఇంకేటీ సెప్పను. ఎప్పుడూ సెప్పను."

మేము ఒట్లు పెట్టుకోము. "సెప్పను" అన్నానంతే. ఆ రోజు చర్చి మానేశాం.

మా రాయగడలో డాక్టరు చూసి, కోరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. జగన్ మొహం పాలిపోయింది, కానీ వీధుల్లో కుళాయిలు రాక ట్యాంకరు ఆపడానికి లేదు. నేనూ లిప్సా రైలెక్కాం. కూర్చున్నామో లేదో, ఫోన్లో సుబ్బులు గొంతు: "గౌరీ, ఆదివారం రాలేదేటి? ఏదైనా మనవుంటే సెప్పు, పొద్దున్నే మోకాళ్ళేస్తాం." దాని మంచితనానికేం లోటు లేదు. నా బొటనవేలు మైకు గుర్తు మీద నిలబడింది. ఒక్కసారి నొక్కితే చాలు, ఈ భారం పదిమందీ పంచుకుంటారు. లిప్సా నా వేలునే చూస్తోంది. ఫోను సంచిలో పడేశాను.

కొండల్లో రైలు సొరంగంలోకి దూరింది. పెట్టెలో దీపాలు వెలగలేదు.

"అమ్మా," అంది చీకట్లో. "పక్క తడపడం అప్పుడు మానలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. నిరుడు ఇది, పక్క తడుపుతున్నానని నాతో చెప్పుకుని ఏడ్చింది. నేను కూటంలో చెప్పాను. అందరూ కన్నీళ్ళతో ప్రార్థించారు. పిల్ల మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. స్వస్థత దొరికిందని ఈస్టరు నాడు నిలబడి సాక్ష్యం చెప్పాను, చప్పట్లు కూడా కొట్టారు.

"నువ్వు లేవకముందే ఉతికీసీదాన్ని. మొన్నీమధ్యనే ఆగింది. బళ్ళో నాను కూకుంటే పద్మప్రియోళ్ళు ముక్కు మూసుకునీవోళ్ళు."

"మరి నాను సాక్ష్యం సెప్తుంటే ఎందుకూరుకున్నావే?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదా."

ఛీ, ఏం తల్లిని నేను! ఊరందరి పిల్లల కోసం మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా పిల్ల తెల్లవారకముందే నీళ్ళతొట్టి దగ్గర దుప్పటి పిండుకుంటుంటే పక్క గదిలో నిద్రపోయాను. రైలు వెలుతురులోకి వచ్చాక దాని చెయ్యి పట్టుకుని, కోరాపుట్ దాకా అది చెప్పినవన్నీ విన్నాను. మధ్యలో ఒక్క బైబిలు వాక్యం కూడా ఎక్కించలేదు. నాకది కష్టమే.

ఆసుపత్రిలో గడ్డలోకి సూది గుచ్చారు. "డర నాహి, మా", భయం లేదమ్మా అని ఒరియా నర్సు దాని బుగ్గ నిమిరింది. అది నా కళ్ళలోకే చూస్తూ పళ్ళు బిగబట్టింది. నేను రెప్ప వెయ్యలేదు. "ఎక్కువ మందిలో ఇది భయపడాల్సింది కాదు. కానీ రిపోర్టు చూడందే చెప్పలేను. వచ్చే శుక్రవారం రండి" అన్నాడు డాక్టరు. ఆ 'కానీ' నాతోనే రైలెక్కి ఇంటికొచ్చింది.

గురువారం కూటం సుబ్బులు ఇంట్లో. లిప్సా నాతో వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. లోపల పద్మప్రియ టీ గ్లాసులు సర్దుతోంది.

"ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది పాస్టరమ్మ.

అలవాటుగా అందరూ నా వైపు తిరిగారు. చేతులు రెండూ ఒళ్ళో కట్టేసుకున్నాను. అమ్మల్లారా, రేపు రిపోర్టు, నా బిడ్డని నాతో కూడా మొయ్యండి అని గొంతు చించుకుని అరవాలనిపించింది.

"ఏటి గౌరీ, మాటాడవు?" అంది సుబ్బులు. "కోరాపుట్ ఎల్లేరంట. జగన్ మా ఆయనకి సెప్పేడు. గుంటకి ఏటయ్యింది?"

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా! పద్మప్రియ చేతిలో గ్లాసు ఆగింది. గుమ్మం దగ్గర లిప్సా జడని చెవి కిందకి అదుముకుంది.

"ఏటయ్యిందో దేవుడికి సెప్పేను, సుబ్బులూ. నీకు సెప్పను."

సుబ్బులు మొహం మాడిపోయింది. రేపో మాపో దానికి సర్ది చెప్పుకోవాలి, చెప్పుకుంటాను. పాస్టరమ్మ "కళ్ళు మూసుకుందాం" అంది.

అందరూ మూసుకున్నారు. నేను గుమ్మం వైపే చూస్తున్నాను. లిప్సా లేచింది. ఆడవాళ్ళ మోకాళ్ళ మధ్య నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. నా చెయ్యి తీసుకుని, ఎవరికీ కనపడకుండా జడ కింద గడ్డ మీద పెట్టుకుంది.

"అమ్మా," అంది నా చెవిలో. "రేపంటే నాకు బయ్యంగా ఉంది."

"నాకూ బయ్యంగానే ఉంది అమ్మీ," అన్నాను దాన్నే చూస్తూ.