ఐనమ్మ దాటిన పొలిమేర

ఐనో ఫిన్లాండ్ పిల్ల. చలికాలంలో చెరువు గడ్డకట్టి రాయైపోతే దాని మీద నడిచి చర్చికి పోయిన మనిషి. అలాంటిదాన్ని మర్రిగూడ చలి నుంచి కాపాడాలని పుష్పమ్మ పడే తాపత్రయం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. తాను తలకు మఫ్లరు చుట్టుకుని, "చెవులు మూసుకో బిడ్డా, సలి జొరవడ్తది" అని రోజూ వెంటపడేది. పుష్పమ్మ చర్చి తరఫున ఊళ్లు తిరిగే పెద్దావిడ. ఐనో నర్సు చదువు చదివి, కాన్పుల పనిలో తర్ఫీదు పొంది, మిషన్ వాళ్లు పంపితే ఒక చలికాలం సేవ చేసి పోదామని వచ్చింది. హైదరాబాద్‌లో దిగి, మహబూబ్‌నగర్‌లో కొన్నాళ్లు తెలుగు నేర్చుకుని, కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి మర్రిగూడకు చేరింది. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకర్లు పోయిన పిల్లలతో కసరత్తు చేయిస్తుంది, గర్భిణులకు బీపీ చూస్తుంది. జనం నోట్లో పడి ఆమె పేరు ఐనమ్మ అయింది.

మాఘమాసంలో పక్కనున్న చింతలగట్టు ఊళ్లో బొడ్రాయి పండుగ వచ్చింది. ఊరి నడుమ కొత్త రాయి నిలుపుతారు. చివర్లో ఊరు కట్టేస్తారు, అంటే పొలిమేర చుట్టూ దారులు మూసేస్తారు. బలి నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తుకుని ఒక మనిషి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పరుగెత్తుతాడు. అదే పొలి. చల్లేవాడు ఆగకూడదు, పలకకూడదు. పొలి మొదలైందంటే మర్నాడు పొద్దుపొడిచేదాకా లోపలివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. దాటితే ఊరి మేలంతా వాళ్ల వెంట పోతుందని భయం. ఈసారి ఆ గంప మైసయ్య నెత్తికెక్కింది.

మైసయ్య కోడలు మమతకు నెలలు నిండాయి. పొలి మొదలుకాక ముందే ఆమెను చూసి పోదామని ఐనో, పుష్పమ్మ పొద్దున్నే వచ్చారు. మైసయ్య భార్య సోమమ్మ సంబరపడిపోయింది.

"ఊరి ఆడబిడ్డలందరు బొడ్రాయికి నీళ్లు పోస్తున్నరు. నువ్వు గూడ ఓ బిందె పొయ్యి బిడ్డా."

ఐనో చేతులు జోడించి, వద్దంది. సోమమ్మ మొహం చిన్నబోయింది. ఐనోకూ మనసు చివుక్కుమంది, కానీ ఏం చేస్తుంది? ఈ ఊరు ఆ రాయిని వదిలెయ్యాలని రోజూ ప్రార్థన చేసే పిల్ల, దానికి నీళ్లెలా పోస్తుంది?

లోపల మంచం మీద మమత తల పట్టుకుని కూర్చుంది. "కండ్లు మసకలయితున్నయక్కా. తల పలిగిపోతాంది." చూస్తే పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఐనో బీపీ చూసింది. బాగా ఎక్కువగా ఉంది. మళ్లీ చూసింది. తగ్గలేదు.

"ఇప్పుడే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు."

అప్పుడే బయట డప్పులు ఒక్కసారిగా మోగాయి. పుష్పమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో దేవా, పొలి లేసింది!"

మమత మొగుడు నరేశ్ పరుగెత్తుకెళ్లి మల్లయ్య ఆటో పట్టుకొచ్చాడు. మమతను ఎక్కించారు. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా కంపలేసి, కర్రలు పట్టుకుని జనం నిలబడ్డారు. ముందు పెద్దమనిషి ఎల్లస్వామి.

"ఆపురి ఆటో! పొలి లేసిందని ఎరుకలేదా?"

"పెదనాయిన, మమతకు పానం మీదికొచ్చింది. జర ఇడువుండ్రి," అన్నాడు నరేశ్.

"నాకు మాత్రం బాధ లేదారా? రేపు ఊర్లె ఎవలకన్న ఏమన్నయితే జవాబు ఎవడు జెప్పాలె? డాక్టరునే ఈడికి పిలువుండ్రి."

"ఈడికొచ్చి ఆపరేషన్ జేస్తడా?" అన్నాడు నరేశ్.

ఐనోకు ఇక ఆగలేదు. ఆటో దిగి, నేర్చుకున్న తెలుగంతా కూడదీసుకుని అరిచింది. "ఇది మూఢనమ్మకం! ఒక రాయి కోసం మనిషిని చంపుతారా?"

డప్పులు దూరమయ్యాయి కాబట్టి ఆ మాట అందరికీ బాగా వినపడింది. అప్పటిదాకా తల వంచుకున్న కుర్రాళ్లు కూడా తలెత్తారు. దారివ్వాలా వద్దా అని ఊగుతున్నవాళ్లు కాస్తా కర్రలు గట్టిగా పట్టుకున్నారు. పుష్పమ్మ ఐనో చెయ్యి గిల్లింది. "ఎంత పని జేస్తివి బిడ్డా!" ఇక ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా చర్చోళ్ల మీదికే వస్తుందని ఆమెకు తెలుసు. ఐనోకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆటోలో మమత చేతివేళ్లు అదురుతున్నాయి.

"పొలో పొలి!" కేక దగ్గరయింది. చెలక గట్టు మీంచి మైసయ్య వస్తున్నాడు. ఒళ్లంతా పసుపు, నెత్తిన గంప, వెనక కత్తులూ కర్రలూ పట్టుకున్న మంది. ఈ రోడ్డు మీద అతని చెయ్యి ఒక్కసారి విసిరితే దారి మూసుకున్నట్టే. ఆ తర్వాత కన్నబిడ్డకైనా దారి లేదు.

మైసయ్య ఆటోను చూశాడు. కోడలిని చూశాడు. కొడుకును చూశాడు. గంపలో పెట్టిన చెయ్యి గంపలోనే ఉండిపోయింది. నడిరోడ్డు మీద గంప దించి, దాని పక్కనే కూలబడ్డాడు.

పొలి ఆగడం ఆ ఊళ్లో ఎవరూ ఎరుగరు.

"మైసయ్యా, లే! ఆగొద్దు!" ఎల్లస్వామి గొంతు చించుకున్నాడు.

"ఆగిన. ఇగ ఏమన్న గానీ," అన్నాడు మైసయ్య. రొప్పుతూ కొడుకు వైపు తిరిగాడు. "నేను రోడ్డు మూయలేదు బిడ్డా. పోండ్రి. పొల్లను దీస్కపోండ్రి!"

కంపలు ఎవరు లాగారో ఐనోకు తెలియదు. ఆటో బయటపడ్డాక వెనక్కి చూస్తే, అందరూ మైసయ్య మీద పడి అరుస్తున్నారు. అతను లేవలేదు.

దారిలో మమతకు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఐనో ఆమెను పక్కకు తిప్పి పట్టుకుని, తన భాషలో ఏడుస్తూ ప్రార్థన చేసింది. దవాఖానలో ఇంజెక్షన్లిచ్చి, ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ వచ్చి, ఇద్దరికీ గండం గడిచిందని, ఇంకాస్త ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని చెప్పింది.

పుష్పమ్మ ఫోను మోగింది. మైసయ్య. మనవరాలి మాట విని కాసేపు ఏడ్చాడు. తర్వాత ఐనమ్మకియ్యమన్నాడు.

"బిడ్డా, పొలి మల్ల లేపాలె. లేసిననాడు లోపలున్నోళ్లంత లోపలుంటెనే ఊరు కట్టాలె. మమతది చీర, నరేశ్‌ది అంగి, పుష్పమ్మది మర్సిపోయిన సంచి వాళ్లకు బదులు బొడ్రాయి కాడ పెట్టినం. నీదేమున్నది మా తాన? మల్లయ్యతోని నువ్వే రావాలె. నేను గీ రోడ్డు మీదనే కూసున్న."

ఐనో ఫోను పుష్పమ్మకు తిరిగిచ్చింది. వెళ్తే వాళ్ల పూజలో కలిసినట్టేనా? ఇంటి దగ్గరి చర్చివాళ్లకు ఏమని రాస్తుంది? పొద్దున్న అన్న మాటకు ఊరు ఊరంతా మండిపడుతూ ఉంటుంది. ఏం చేయాలన్నట్టు పుష్పమ్మ వైపు చూసింది.

"మమతను ఇడిసి నేను రాలేను. పోవాల్నా వద్దా, నీ ఇష్టం బిడ్డా. దేవుని ముందర జవాబు జెప్పేది నువ్వే."

ఐనో మల్లయ్య ఆటో ఎక్కింది.

పొద్దు వాలుతుండగా చింతలగట్టు చేరారు. రోడ్డుకు అటూ ఇటూ జనం. ఒక్కరూ పలకరించలేదు. మైసయ్య పొద్దున కూర్చున్నచోటే ఉన్నాడు. పసుపు ఎండి ఒంటి మీద పగుళ్లు పట్టింది. పక్కన సోమమ్మ. ఐనో ఆటో దిగింది. తన దేవుడి పేరు తలుచుకుంది. తప్పు చేస్తున్నానేమో అనిపించింది. ఒక ప్రాణం కోసం తాను మొక్కే దేవుడి పనిని నడిమధ్యలో దించేసిన మైసయ్య ఎదురుగా కూర్చుని ఉంటే, వెనక్కి తిరగడం అంతకన్నా పెద్ద తప్పనిపించింది.

ఎల్లస్వామి ముందుకొచ్చాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు. "పొద్దుగాల అనరాని మాటన్నవు."

"అన్నాను. క్షమించండి."

అతను పక్కకు జరిగాడు. ఐనో నడుచుకుంటూ లోపలికి వచ్చి సోమమ్మ పక్కన నిలబడింది. సోమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నవా అని అడిగింది. డప్పులు లేచాయి. మైసయ్య గంప నెత్తికెత్తుకుని పరుగు మొదలుపెట్టాడు. ఊరంతా చుట్టి మళ్లీ ఆ రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఈసారి అతని చెయ్యి ఆగలేదు. దారి మూసుకుంది, ఐనమ్మ లోపల ఉంది.