చిలక పడవలో రేడియో కాపురం

నేను ఒక షార్ట్‌వేవ్ రేడియోని. పాటలూ వార్తలూ వినిపించే రకం కాదు. మాట్లాడితే ఆ మాటను సముద్రాల అవతల పడేసే రకం. ముఖం నిండా బొత్తాలు, ఒళ్లంతా ఇనుము, కాసేపు మాట్లాడితే చలిజ్వరం వచ్చినట్టు వేడి. పుట్టింది జపానులో. నా మాట తిన్నగా పోదు. ఆకాశంలోకి ఎగిరి, అక్కడెక్కడో పైన తగిలి, మళ్లీ కిందికి దిగుతుంది. ఎక్కడ దిగిందో, ఎవరి చెవిన పడిందో నాకే సరిగ్గా తెలియదు. పుట్టినప్పటి నుంచీ నాకున్న కుతూహలమంతా దాని మీదే.

మొదట పంచదార మోసే ఓడలో ఉద్యోగం. అక్కడి కెప్టెన్లు నా ముందు నిలబడి గొంతు చించుకునేవారు. దూరం పెరిగితే అరవాలని మనుషుల నమ్మకం. ఓడ ముసలిదై ముక్కలైపోయాక విశాఖపట్నం పాతబస్తీలో ఒక సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను చూసి ముచ్చటపడి తెచ్చుకున్నది రమామణి. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైంది. రేడియోలో మాట్లాడటానికి లైసెన్సు కూడా ఉంది. పెదవాల్తేరులో మేడమీద గదిలో నన్ను పెట్టి, చీరకొంగుతో రోజూ తుడిచేది.

సాయంత్రం అయ్యేసరికి మా గదిలో హాజరు మొదలయ్యేది. బంగాళాఖాతంలో తెరచాప పడవల మీద తిరిగేవాళ్లందరూ ఒకే చోట ట్యూన్ చేసుకుని, పేరు పిలిస్తే పలికేవారు. ఎక్కడున్నారు, గాలెలా ఉంది, వంటేమిటి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు నోరు మూసుకుని వినాలి. అందరూ విని తీరతారు. మనుషులకు ఇంత మర్యాద తెలుసునా అని నేనే ఆశ్చర్యపోయేవాణ్ణి. ఆ గుంపులో ఆంటన్ అని స్వీడన్ ముసలాయన ఒకడు. ఒంటరివాడు, పడవే ఇల్లు. రమామణి దగ్గర పప్పుచారు ఎలా పెట్టాలో నేర్చుకున్నాడు. ఆమెను ఏనాడూ చూడలేదు.

రమామణి భర్త లోకనాథం ఓడల్లో ఇంజనీరుగా చేసినవాడు. నీటుగా ఉండటం ఆయనకో జబ్బు. స్పానరు వాడితే మూడుసార్లు తుడిచిగానీ లోపల పెట్టడు. రిటైరయ్యాక సొంతంగా ఒక తెరచాప పడవ కట్టి, చిలక అని పేరు పెట్టాడు. ఇద్దరూ పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్లి రావాలని. మనుషులకు దూరంగా పోదామని పడవ కట్టుకుంటారు. కట్టుకున్న మర్నాటి నుంచీ మనుషులతో ఎలా మాట్లాడాలా అని బెంగ.

ఆ బెంగలో నా బతుకు ఇరుక్కుంది. లోకనాథానికి శాటిలైట్ ఫోను కావాలి. దాని అనుమతి కాగితాల కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, లావుపాటి కొమ్ము ఒకటి. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండిందని ఒప్పుకుంటాను.

"ఫోనుంటే సాలదేటి? నంబరు నొక్కితే అవతలోడు పలుకుతాడు. దీనికి ఏరియలు, ఎర్తు, పైగా బ్యాటరీ తినేస్తాది" అన్నాడు.

"నంబరు తెలిసినోళ్లతోనే కదండీ అది మాట్లాడేది. తెలీనోళ్లు పిలిస్తే మనకెలా ఇనపడతాది?"

"తెలీనోళ్లతో మనకేటి పనే?"

నన్ను తీసుకెళ్లకపోతే తానూ రానని చెప్పింది రమామణి. దాంతో ఇద్దరమూ ఎక్కాం, ఫోనూ నేనూ.

నా మాట ఎగరాలంటే ఒక కాలు నీళ్లలో ఉండాలి, ఎర్తు అంటే అదే. అందుకని పడవ అడుగున, బయటివైపు, ఒక కంచు పలక బిగించి, దానికీ నాకూ రాగిపట్టీ కలిపారు. రేవులో పక్క పడవతో మాట్లాడి చూస్తే బ్రహ్మాండంగా పలికాను. పక్క పడవకు గుసగుస చాలని ఎవరికీ తోచలేదు.

సముద్రంలోకి వచ్చాక అసలు సంగతి బయటపడింది. హాజరులో చిలక పేరు పిలిచారు. రమామణి ఉత్సాహంగా పలికింది. వాళ్లు మళ్లీ పిలిచారు. మళ్లీ పలికింది. "చిలక వినపడటం లేదు" అని తర్వాతి పేరుకు వెళ్లిపోయారు. ఆమె లోపలి తీగలన్నీ విప్పి బిగించింది. ఎక్కడా లోపం లేదు. అందరి మాటా నాకు వినపడుతోంది, నా మాట ఎవరికీ అందటం లేదు. మర్నాడూ అంతే. ఆంటన్ రోజూ అడిగేవాడు, విశాఖపట్నం ఆవిడ గొంతు ఎవరైనా విన్నారా అని. ఆమె మైకు చేత్తో పట్టుకుని ఊరికే కూర్చునేది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

"నే సెప్పలేదా?" అన్నాడు లోకనాథం, ఫోను తుడుస్తూ.

పోర్ట్ బ్లెయిర్ ఇంకా దూరముండగా ఒక సాయంత్రం ఆంటన్ హాజరులో పలకలేదు. అందరూ పిలిచి పిలిచి ఊరుకున్నారు. అప్పుడు బాగా సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు, ఆయన గొంతు నాకు తగిలింది. దగ్గరలో ఉన్నాం కాబట్టి మాకు మాత్రమే తగిలింది. తానున్న చోటు చెప్పాడు. తెరచాప కొయ్య విరిగిపడింది. దాంతోపాటే ఏరియలూ పోయింది, ఏదో తీగ కట్టి మాట్లాడుతున్నాడు. విరిగిన కొయ్య గుద్ది పడవకు చిల్లి పడింది. తోడిన కొద్దీ నీళ్లు వస్తున్నాయి, చేతులు పనిచేయడం లేదు. మీ పిలుపులు నాకు వినపడుతున్నాయి, నా మాట ఎవరికీ చేరినట్టు లేదు, పొద్దు గూకేలోగా జవాబు రాకపోతే రబ్బరు తెప్పలోకి దిగిపోతాను అన్నాడు. రమామణి వెంటనే పలికింది, ఆయనకు అందలేదు.

"దిగితే పోయినట్టే" అంది రమామణి. పడవ మునిగేదాకా పడవను వదలకూడదు. తెప్ప చిన్నది, గాలి ఎటు తోస్తే అటు పోతుంది, ఆ కెరటాల్లో దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

లోకనాథం ఫోను తీసి ఒడ్డునున్న రక్షణ కేంద్రానికి చేశాడు. వాళ్లు వెంటనే పలికారు, వివరాలన్నీ రాసుకున్నారు, ఒక సరుకు ఓడను మళ్లిస్తామన్నారు. అది రేపు సాయంత్రానికి చేరుతుంది. పడవ దిగొద్దని ఆయనకు చెప్పగలరా అని అడిగాడు. ఆయన దగ్గర ఫోను లేదు కదండీ, మా రేడియో అంత దూరం పోదు అన్నారు వాళ్లు. ఆ మాటకు లోకనాథం ఫోను వైపు అదోలా చూశాడు.

రమామణి నా వెనక ఉన్న రాగిపట్టీని వేలితో తడుముతూ పోయి, పడవ అడుగు దగ్గర ఆగింది.

"ఏవండీ, బయల్దేరేముందు కింద రంగేసేరు కదా. నాచు పట్టకుండా."

"ఏసేను. ఒక్క అంగుళం ఒదల్లేదు."

"పలక మీద కూడానా?"

ఆయన తలూపాడు. నా కాలికి మూడు పూతల రంగు వేసి, ఎంతో ముద్దుగా, నన్ను సముద్రం తాకకుండా చేశాడు. నీళ్లలోకి దూకి గీకడానికి ఆ కెరటాలు ఒప్పుకోవు. పొద్దు బాగా వాలింది.

రమామణి తాగేనీళ్ల రాగిబిందె ఎత్తి, నీళ్లు గిన్నెల్లోకి ఒంపేసింది. పట్టీని పలక నుంచి ఊడదీసి బిందె మెడకు చుట్టింది. తాడు కట్టి పడవ పక్కనుంచి సముద్రంలోకి దింపమంది. లోకనాథం బోర్లా పడుకుని, బిందె పైకి తేలకుండా, చేతులు కోసుకుపోతున్నా తాడు వదలకుండా పట్టుకున్నాడు.

"ఆంటన్, నేను రమామణిని. నువ్వు వినపడుతున్నావు. పడవ దిగకు. మేం వస్తున్నాం" అంది.

నాలోంచి ఆ మాట పోవడం నాకు తెలిసింది. ఒళ్లంతా తేలికైపోయింది. కానీ అటునుంచి గరగర తప్ప ఏమీ లేదు. ఆమె మళ్లీ అంది. మూడోసారీ అంది.

"రమామణీ, నువ్వు బతికే ఉన్నావా?" అన్నాడు ఆంటన్.

తెల్లవారేసరికి ఆయన పడవ కనిపించింది. సగం మునిగి, వంకరగా, నీళ్ల మీదే ఉంది. చిల్లికి దుప్పట్లు కుక్కి తోడుతూనే ఉన్నాడు. రమామణి మొదటిసారి ఆయన ముఖం చూసి ఏడ్చింది, ఆయనా ఏడ్చాడు. తెప్పను ఊది, నీళ్ల డబ్బాలు అందులో వేసి, ఒక కాలు పెట్టిన తర్వాత ఆమె గొంతు వినిపించిందట. కాలు వెనక్కి తీసుకుని తెప్పను పడవకు కట్టేశాడట. పొద్దున్న చూసుకుంటే తాడు తెగి ఉంది, తెప్ప లేదు. ఆ తెగిన తాడు కొసను లోకనాథం చేతిలోకి తీసుకుని, ఎంతసేపటికీ పక్కన పెట్టలేదు.

సరుకు ఓడ మనుషులు పంపు దించి సాయం చేశారు. మెల్లగా పోర్ట్ బ్లెయిర్ చేరాం. అక్కడ చిలకను ఒడ్డుకు లాగించి, కూలీలను దగ్గరికి రానివ్వకుండా, లోకనాథమే పడవ కింద వెల్లకిలా పడుకుని ఆ పలకను మెరిసేదాకా గీకాడు.

కొన్నాళ్లకు ఆయన ఫోను మోగింది. రక్షణ కేంద్రం వాళ్లు. చాలా దూరాన, ఎవరూ వెతకని చోట, చేపల పడవవాళ్లకు నారింజరంగు తెప్ప ఒకటి బోల్తాపడి దొరికిందట. దాని మీద ఆంటన్ పడవ పేరు ఉందట. అందులో ఎంతమంది ఉండాలి, ఇంకా ఎవరి కోసమైనా వెతకాలా అని అడిగారు.

లోకనాథం ఫోను రమామణికి ఇచ్చాడు.

"ఎవరూ లేరండి" అంది ఆమె. "అందులో ఎవరూ లేరు."