మాస్టరు తిన్న వేళ

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, గుండిగలో అన్నమంతా తెలిసిపోతుందని మాస్టరు నమ్మకం. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పాతికేళ్లుగా రెండు వందల మందికి వండుతున్నాడు. ఆ నమ్మకం ఎన్నడూ వమ్ము కాలేదు. షుగర్ విషయంలోనూ అదే పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున్నే పరగడుపున వేలు పొడుచుకుని, మీటరు చూపించిన అంకె నోటుపుస్తకంలో రాసేవాడు. నూట పన్నెండు. నూట ఎనిమిది. నూట పదిహేను. మెతుకు ఉడికింది, ఇక మూత పెట్టెయ్యొచ్చు.

ఇప్పుడు ఆ పుస్తకమూ, మూడు నెలల షుగర్ పరీక్ష కాగితమూ పక్కపక్కన పెట్టుకుని ల్యాబులో కూర్చున్నాడు. కాగితం మీద ఎనిమిది పాయింట్ మూడు అని ఉంది. ఏడున్నరకు దిగితే తప్ప కుడికంటి ఆపరేషన్‌కు తేదీ ఇవ్వనని కంటి డాక్టరు తేల్చేశాడు. ఆ కంటికి పొర కమ్మి, కిందటి నెల కాగే మూకుడు అంచు కనిపించక చెయ్యి కాల్చుకున్నాడు. మేనేజరు మంచివాడే. నాలుగు నెలలు చూస్తాననీ, అప్పటికీ కన్ను బాగవకపోతే ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోమనీ మెత్తగా చెప్పాడు. ఇంటిపట్టున ఎవరున్నారు గనక? భార్య పోయి నాలుగేళ్లు. ఆ రెండు గదుల్లో ఆయన్ని ఏమనీ పిలిచేవాళ్లే లేరు.

రక్తం తీసే నర్సమ్మకు యాభై ఏళ్లుంటాయి. కాగితం తప్పని ఆయన వాదించినా విసుక్కోలేదు. రెండూ నిజమేనంది. మీటరు చెప్పేది ఆ నిమిషం సంగతి. రక్తంలోని ఎర్ర కణాలు మూడు నాలుగు నెలలు బతుకుతాయి. అన్నాళ్లూ, రాత్రీ పగలూ చక్కెర వాటికి అంటుకుంటూనే ఉంటుంది. ఈ పరీక్ష కొలిచేది దాన్ని. ఎనిమిది పాయింట్ మూడంటే, అన్ని వేళలూ కలిపి సగటున నూట తొంభై దాకా ఉన్నట్టట. పొద్దున నూట పది ఉందంటే, తక్కిన వేళల్లో ఎక్కడో రెండు వందలు దాటుతోందన్నమాట.

"అన్నం తిన్న రెండు గంటలకు చూస్తున్నారా, అన్నయ్యా?"

"లేదమ్మా."

"రేపట్నుంచి చూడండి. మొదటి ముద్ద దగ్గర్నుంచి లెక్క. మధ్యాహ్నం ఎన్నింటికి తింటారు?"

మాస్టరు లెక్క వేసుకున్నాడు. తొమ్మిదింటికి కూరలో ఉప్పు చూస్తాడు. పదింటికి మళ్లీ చూస్తాడు, అరచేతినిండా. మూకుడు అడుగున కరకరలాడేది గీకి నోట్లో వేసుకుంటాడు. టీ కాచినప్పుడల్లా తీపి సరిపోయిందో లేదో అరగ్లాసు తాగితే గానీ తేలదు. మూడింటికి ఆకలే ఉండదు. ఆవిడ పోయాక కంచం ముందు కూర్చున్న గుర్తే లేదు.

"తిననమ్మా," అన్నాడు చివరికి. "ఉప్పు చూస్తానంతే."

నర్సమ్మ ఆ కాగితం మీద వేలు పెట్టింది. "నాలుక్కి అది ఉప్పు చూడ్డమే అన్నయ్యా. రక్తానికి మాత్రం అదీ భోజనమే."

మర్నాడు చెంచా కొసతో రుచి చూసి ఉమ్మేశాడు. క్యాంటీన్ ఖాళీ అయ్యాక కంచంలో రెండు గరిటెల అన్నం, కూర పెట్టుకుని వచ్చి నిలబడిపోయాడు. రెండు వందల కుర్చీలు. పాతికేళ్లలో ఒక్కదానిలోనూ కూర్చోలేదు. ఏది ఎవరిదో మాత్రం తెలుసు: కిటికీ పక్కది వెల్డరుది, స్తంభం దగ్గరిది గేటు కాపలా ఆయనది. ఎవరిదీ కాని కుర్చీ చేతులు కడిగే తొట్టి పక్కన దొరికింది. గడియారం చూసి, మూడు పదికి మొదటి ముద్ద పెట్టుకున్నాడు.

ఉప్పు తక్కువైంది. రెండు వందల మంది తిన్నారు; ఒక్కరూ అనలేదు.

భోజనం ఏడు నిమిషాల్లో అయిపోయింది. ఆ రెండు గంటలు మాత్రం ముందుకు కదల్లేదు. సాయంత్రం టీలో చక్కెర కొలిచి వేసి, తాగి చూడకుండానే గ్లాసుల్లో పోశాడు.

"ఏంటి మాస్టరూ, నోరు కట్టుకున్నారా?" అన్నాడు వెల్డరు.

"ఐదు పది దాకా. అవునూ, మధ్యాహ్నం ఉప్పు తగ్గింది కదా, చెప్పలేదేం?"

వెల్డరు గ్లాసులోకి చూస్తూ, చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఎవరూ చెప్పలేదన్నాడు. బెల్లు కొడితే వెళ్లిపోయాడు.

ఐదు పదికి మీటరు రెండు వందల ఇరవై నాలుగు చూపించింది. పొద్దుటి అంకె పక్కన ఖాళీగా ఉన్నచోట అది రాసి, దాని ముందు 'భోజనం, మూడు పది' అని కూడా రాశాడు. తర్వాత తన కంచం కడిగి, రెండు వందల కంచాల దొంతరలో కలపకుండా, విడిగా బోర్లించాడు.