మార్తమ్మకు రెండు ఫైళ్ళు

"ఫైళ్ళు సర్దడానికి కూడా కాలేజీ ఉందా? నర్సింగు చదవ్వే అంటే వినవు," అని సత్యానందం మేష్టారు ఆటోలో కూడా కూతురు స్టెల్లాను దెప్పుతూనే ఉన్నారు. ఆస్పత్రి రికార్డుల కోర్సులో చేరతానని ఆ పిల్ల పట్టు. పక్కన ఆయన అక్క మార్తమ్మ కాలి పుండుతో, ఒళ్ళు తెలియని జ్వరంతో మూలుగుతోంది. పలివెల నుంచి అమలాపురం తీసుకువెళ్తున్నారు.

ప్రైవేటు ఆస్పత్రి కౌంటరులో పేరడిగితే, "మార్తమ్మండి" అన్నారు మేష్టారు. కొత్త ఫైలు తయారైంది.

"ఏ మందైనా పడదాండీ?" అనడిగారు డాక్టరు రాజేంద్రప్రసాద్.

"అలాంటిదేం లేదండి."

నిరుడు మార్తమ్మను ఇక్కడికే తెచ్చింది పొరుగింటి ఇందిర. మేష్టారు అప్పుడు ఊళ్ళో లేరు. ఆ సంగతి స్టెల్లాకు గుర్తొచ్చింది.

"పాత ఫైలు చూసేదాకా ఆగమని చెప్పండి నాన్నా."

"డాక్టరుగారికి మనం చెబుతామా? ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. రికార్డు గదికి పరిగెత్తింది. అక్కడున్న మధుబాబు మందుల కొట్టు మనిషి. తీరికైతే రికార్డులూ చూస్తాడు.

"మార్తమ్మ పేరున ఏం లేదండి."

"నిరుడు చేరిందండి."

"ఆయ్, చేరుంటారు. నిరుటివి జనరేటరు పక్కన పడేసేరండి. ఏవెక్కడున్నాయో ఎలకలకి తెలియాలి."

మా వైపు చాలా ఇళ్ళలో చర్చిలో ఒక పేరు, సర్కారు కాగితాల్లో ఇంకొకటి. పిలిచే పేరే మనిషిది; కార్డు పేరు పెట్టెలో ఉంటుంది. స్టెల్లా ఇందిరకు ఫోను చేసింది.

"కార్డులో ఉన్న పేరే రాయించేనమ్మా, సత్యవతని," అంది ఇందిర.

జనరేటరు పక్క కుప్పంతా వెతగ్గా ఆ పేరున ఫైలు దొరికింది. అట్ట మీద ఒక ఇంజెక్షను పేరు, కింద ఎర్ర సిరాతో 'పడలేదు, మళ్ళీ ఇవ్వరాదు' అని ఉంది. స్టెల్లా వార్డుకు చేరేసరికి అదే మందు ఎక్కించేశారు. మార్తమ్మ ఊపిరందక కొట్టుకుంటోంది. ఎంత ప్రయత్నించినా ప్రాణం నిలవలేదు.

డాక్టరు ఆ అట్ట అందుకుని చూశారు. "ఇది నా చేతిరాతేనండి," అన్నారు.

"పేరు చెప్పింది నేను కదండీ," అన్నారు మేష్టారు.

"మీరు చెప్పింది అబద్ధం కాదండి. రెండు పేర్లూ ఒక మనిషివేనని కనిపెట్టే వాళ్ళు మా దగ్గర లేరు. బిల్లులకి ముగ్గుర్ని పెట్టుకున్నాం."

మార్తమ్మ పోయాక ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడికలో మేష్టారు లేచి నిలబడ్డారు.

"ఆస్పత్రికెళ్తే మీ రెండు పేర్లూ చెప్పండి. మా అమ్మాయి ఆ పని నేర్చుకోడానికి వెళ్తోందండి. మీ పిల్లలెవరైనా వెళ్తానంటే నాలా దెప్పకండి. రోగికి జరిగింది రాసిపెట్టి, వేళకు డాక్టరు ముందుంచడం కూడా వైద్యమేనండి. అది లేనిచోట మందే మనిషిని చంపుతుంది."