తెగిన తీగ

పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడి జీవితచరిత్ర అచ్చుకు వెళ్లే ముందు, రచయిత చివరి పేజీని ఆయన తమ్ముడికి చదివి వినిపించాడు. "ఒంటరిగా, ఫిడేలు వంక చూస్తూ 'తీగ తెగింది' అని కన్నుమూశారు."

ముప్పై ఏళ్లు అన్న బట్టలు ఉతికిన తమ్ముడికి ఒళ్లు మండింది.

"ఒంటరిగానా? నేను పెరట్లో లేనూ? అన్నయ్య చూసింది కిటికీలోంచి. తెగింది బట్టలారేసే తీగ!"

"అందరూ ఫిడేలు తీగ అనే అంటున్నారండీ."

"అన్నయ్య 'తెగిందిరా' అన్నాడు. ఆ 'రా' ఎవరిని? గోడనా?"

రచయిత నోటుబుక్కు తిరగేశాడు. పక్కింటావిడ చెప్పినదాంట్లో 'రా' ఉంది. అందం చెడుతుందని తనే కొట్టేశాడు.

"పోనీ, మిమ్మల్ని మంచం పక్కన కూర్చోబెడతాను. తీగ మాత్రం ఫిడేలుదే అందాం," అని బేరం పెట్టాడు.

తమ్ముడికి ఆశ పుట్టకపోలేదు.

"వద్దులెండి. ఆ కేకకి నేను లోపలికి పోలేదు. బురదలో పడ్డ చొక్కాలు ఏరుకుంటూ కూర్చున్నా. వెళ్లేసరికి అయిపోయింది."

రచయిత 'తెగింది' పక్కన 'రా' చేర్చాడు. 'ఫిడేలు వంక చూస్తూ' కొట్టేశాడు. 'ఒంటరిగా' దగ్గర కలం ఆగింది.

"అది ఉండనివ్వండి," అన్నాడు తమ్ముడు.