మేనమామ కత్తెర

ఎండాకాలం మధ్యాహ్నాల్లో, మరాఠీ గడ్డ మీది మా దుర్గాపూర్‌లో నిద్రకూ మెలకువకూ పెద్ద తేడా ఉండదు. కిటికీలో కూలర్ హోరు పెడుతూ ఉంటుంది, ఊయలలో నా బిడ్డ కావేరి కాళ్లు కదుపుతూ ఉంటుంది, నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మా అన్న భూమన్న పాత గొంతు మెసేజీలు వింటూ ఉంటాను. ఈ మధ్య మా అన్న నాకు అక్కడే దొరుకుతున్నాడు మరి.

ఆయన రాకపోతే కావేరికి పుట్టువెంట్రుకలు తీయించను. మొదటి కత్తెర మేనమామది. ఇంకెవరు వేసినా నా మనసు ఒప్పదు. మా ఆయన ప్రమోద్ "మరి ఫోన్ చెయ్యరాదు" అంటాడు. నేనెందుకు చేస్తాను? ముందు మాట జారింది అన్నే.

రాజురా అవతల మా పుట్టిన ఊరి పక్కన బొగ్గు గని పెంచుతామన్నారు. పెంచితే ఊరు లేచిపోవాలి. అన్న గని వద్దనే పార్టీ జెండా పట్టాడు. ప్రమోద్‌ది ఇక్కడ కరెంటు కేంద్రంలో కాంట్రాక్టు పని. బొగ్గు రాకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు, అందుకని మేం గని కావాలనే పార్టీ. ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో అన్నా నేనూ మరాఠీలో టైపు చేసుకుంటూ కొట్లాడుకున్నాం. తెలుగు ఇంట్లో మాట్లాడతాం గానీ రాయడం మా మరాఠీ బడిలో నేర్పలేదు. పుట్టి బుద్ధెరిగాక అన్నతో అంతకుముందెప్పుడూ నేను మరాఠీలో తగవుపడింది లేదు. ఆ అక్షరాల్లో ఆయన మా అన్నలాగే లేడు, సభలో మైకు పట్టుకున్న ఎవరో పెద్దమనిషి. "బొగ్గుకు అమ్ముడుపోయారు" అని రాశాడు. నేను ఊరుకుంటానా? అంతకు రెండింతలు రాశాను. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

సారక్క చిన్నమ్మకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. గ్రూపు మాత్రం ఆమెదే. అన్నను మళ్లీ చేర్చి, ఒక గొంతు మెసేజీ పెట్టింది.

"మీ రాతలు బంద్ పెట్టుండ్రి. ఏమున్నా నోటితోనే చెప్పుండ్రి. ఇంకోటి, జవాబిచ్చే ముందుగాల అవతలోళ్ల మాటను మీ నోటితోని చెప్పాలె. వాళ్లు 'ఔ, గదే' అన్నంకనే మీ మాట. గట్ల కాకుంటే ఇద్దర్నీ తీసేస్త."

సరే, చెప్పాను. "అన్నకు పొలం మీద పాణం, ఇడువబుద్ధైతలేదు" అన్నాను. "కాదు" అని ఒక్క ముక్క వచ్చింది. "ఇచ్చే పైసలు సాలవంటుండు" అన్నాను. మళ్లీ "కాదు." నాకు ఒళ్లు మండి ఫోన్‌ను పరుపు మీదికి విసిరేశాను. ఏది ఔనో చెప్పొచ్చు కదా, నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా?

ఆ మధ్యాహ్నం కూడా ఆయన గొంతు వింటూ పడుకున్నాను. మాట వెనకాల ఎద్దు మెడలో గంట, బావిలో చేద పడిన చప్పుడు. దూరంగా గనిలో పేల్చిన మోత మెల్లగా మంచం కోళ్లలోకి వచ్చింది. ఎప్పుడు కళ్లు మూసుకుపోయాయో తెలియదు. రాజురా బస్సు దిగాను. అన్న భుజాన తువ్వాలుతో వచ్చి నా బ్యాగు అందుకున్నాడు. ఇద్దరం నడుస్తున్నాం. దారి మెత్తగా ఉంది, పత్తి మీద నడిచినట్టు. మలుపు తిరిగితే ఇల్లుండాలి. ఇల్లు లేదు, నల్లటి గొయ్యి ఉంది. అన్న అంచున నిలబడి, బ్యాగు ఎక్కడ దించాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

మెలకువ వచ్చేసరికి బొటనవేలు ఫోన్ మీదే ఉంది. గ్రూపులో నా గొంతు మెసేజీ ఒకటి వెళ్లిపోయి ఉంది. నొక్కి విన్నాను. కూలర్ హోరు, ఊయల కిర్రుమనడం, మధ్యలో మత్తుగా నా గొంతు, అన్నే మాట్లాడుతున్నట్టు.

"చెల్లె బస్సు దిగుతది. బ్యాగు నేనే పట్టుకుంట. యాడికి తీస్కపోవాలె? ఇంకో ఇల్లిస్తరు గాని, ఎవ్వల్నీ తొవ్వ అడగకుంట మా చెల్లె వచ్చే ఇల్లు ఎవలిస్తరు..."

సిగ్గుతో చచ్చిపోయాను. తీసేద్దామనుకునేలోపే కింద అన్న జవాబు కనిపించింది.

"ఔ," అన్నాడు. వెనకాల ఎద్దు గంట మోగింది. "గదే."

ఆ తర్వాత ఆయన వంతు. "మా చెల్లె ఏమంటుందంటే, ప్రమోద్‌ను గేటు కాడ వద్దంటే గా దినం నుంచే పని లేనట్టు. చెల్లె ఎవ్వల ముందటా చెయ్యి చాపదు, నా ముందట గూడ చాపదు. గందుకే గని గావాలంటుంది. గంతేనా, కోమలా?"

నా పేరు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. ఏడుపు ఆగలేదు. బటన్ నొక్కి "ఔ అన్నా, గదే" అన్నాను, ముక్కు ఎగబీలుస్తూనే.

ఎవరి పార్టీ వాళ్లదే, ఏమీ మారలేదు. గని మీద జనసునావణి పెడుతున్నారు, సర్కారు వాళ్లు వచ్చి అందరి మాటా వింటారు. మాట్లాడటానికి ఆయనా పేరిచ్చాడు, నేనూ ఇచ్చాను. దానికి ముందే వచ్చిన మంగళవారం మహాకాళి గుడికి అన్న కొత్త కత్తెర కొనుక్కుని వచ్చాడు.

ముందే చెప్పడం మంచిదనిపించింది. "అన్నా, మైకు ముందట నేను గని గావాలనే మాట్లాడ్త."

"మాట్లాడు. నేను వద్దనే మాట్లాడ్త." మండపంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకున్నాడు. "గాని ముందుగాల నీ మాట చెప్తనే, గంత మందిల. నువ్వు 'ఔ, గదే' అన్నంకనే నాది."

నేను చంకలోని కావేరిని ముందుకు తీసుకున్నాను. ఆయన రెండు చేతులూ చాపాడు.

"ఇగ పొల్లనియ్యి."